వెన్ను నీటిలో ఫంగస్ ఆనవాళ్లు

మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ రంగులేని పలుచని ద్రవం తిరుగుతూ ఉంటుంది. పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. నాడీ వ్యవస్థలోకి ఫంగస్ చొరబడిందన్న అనుమానం వస్తే ముందు చూడవలసింది ఈ ద్రవాన్నే. నడుము భాగంలో వెన్నుపూసల మధ్య సన్నని సూది దించి కొద్దిగా ద్రవం తీస్తారు. జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్విన్కే 1891లో వివరించిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

తీసిన ద్రవంలో తెల్ల కణాలు, ప్రొటీన్, చక్కెర ఎంత ఉన్నాయో మొదట లెక్కిస్తారు. ఫంగస్ వల్ల మెదడు పొరలు వాచినప్పుడు (మెనింజైటిస్) సాధారణంగా కణాలు, ప్రొటీన్ పెరిగి చక్కెర తగ్గుతుంది. చిక్కేమిటంటే, క్షయ వల్ల వచ్చే మెనింజైటిస్‌లోనూ సరిగ్గా ఇవే మార్పులు కనిపిస్తాయి. నెలల తరబడి తలనొప్పి, జ్వరం ఉండే లక్షణాలు కూడా రెండింటిలో ఒకేలా ఉండవచ్చు. చికిత్సలు మాత్రం వేరు. క్షయ మెనింజైటిస్‌లో మందులతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి క్రిప్టోకాకస్ ఫంగస్ మెనింజైటిస్ వచ్చినప్పుడు అదే స్టెరాయిడ్ హాని చేస్తుందని ఆసియా, ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరిశోధన 2016లో తేల్చింది. అందువల్ల ఊహ మీద వైద్యం చేయడం ప్రమాదకరం. ఫంగస్‌ను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కొన్ని ఫంగస్‌లు అసలు పెరగవు కూడా.

ఈ లోటును తీర్చేవే బయోమార్కర్లు. ఫంగస్ తన గోడ నుంచి, పైతొడుగు నుంచి ద్రవంలోకి వదిలే పదార్థాలివి. ఫంగస్ కంటికి కనిపించకపోయినా దాని పదార్థం దొరికితే చాలు.

వీటిలో బాగా నమ్మదగినది క్రిప్టోకాకస్ యాంటిజెన్. పావురాల రెట్టలో, మట్టిలో ఉండే ఈ ఫంగస్ ఊపిరితో లోపలికి వెళ్లి, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మెదడుకు చేరుతుంది. దాని చుట్టూ ఉండే చక్కెర పొరే ఈ యాంటిజెన్. ఇంట్లో గర్భ నిర్ధారణకు వాడే పట్టీ లాంటి పట్టీని ద్రవంలో ముంచితే 10 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. ఇండియా ఇంక్‌తో సూక్ష్మదర్శిని కింద చూసే పాత పరీక్ష కంటే ఇది ఎక్కువ మందిని పట్టుకుంటుంది. అయితే చికిత్స తర్వాత కూడా యాంటిజెన్ చాలాకాలం ఉండిపోతుంది కనుక, రోగం తగ్గిందో లేదో తేల్చడానికి ఇది పనికిరాదు.

రెండోది బీటా గ్లూకాన్. ఇది చాలా ఫంగస్‌ల గోడల్లో ఉంటుంది. హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి రక్తకణాల్లోని గడ్డకట్టించే పదార్థం గ్లూకాన్ తగలగానే స్పందిస్తుంది. పరీక్షకు ఆధారం ఈ గుణమే. 2012లో అమెరికాలో కలుషితమైన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల 753 మందికి ఫంగస్ సోకి, 64 మంది మరణించారు. వెన్ను దగ్గర ఇంజెక్షన్ తీసుకుని మెనింజైటిస్ బారిన పడిన వారి ద్రవంలో గ్లూకాన్ ఎక్కువగా ఉంది. చికిత్స ఫలిస్తున్న కొద్దీ అది తగ్గింది. 2023లో మెక్సికోలోని మాటమోరోస్‌లో వెన్నుకు మత్తు ఇచ్చిన శస్త్రచికిత్సల తర్వాత ఫ్యుజేరియం అనే ఫంగస్ వల్ల మెనింజైటిస్ వ్యాపించినప్పుడు కూడా వైద్యులు ఈ పరీక్షను వాడారు.

మూడోది గాలక్టోమానన్. ఇది ముఖ్యంగా ఆస్పర్‌జిల్లస్‌ను పట్టిస్తుంది. మెదడులో ఈ ఫంగస్ గడ్డలు కట్టినప్పుడు కోసి ముక్క తీయడం కష్టం కనుక, ద్రవంలో ఈ పదార్థం దొరకడం వైద్యులకు విలువైన సాక్ష్యం.

ఈ పరీక్షలన్నింటికీ హద్దులున్నాయి. 2021లో కరోనా తర్వాత తెలుగు రాష్ట్రాలనూ వణికించిన బ్లాక్ ఫంగస్ గ్లూకాన్ పరీక్షకూ దొరకదు, గాలక్టోమానన్ పరీక్షకూ దొరకదు. దాన్ని కణజాలం తీసి చూసే నిర్ధారించాలి. క్రిప్టోకాకస్‌లోనూ గ్లూకాన్ చాలా తక్కువ. మరోవైపు శస్త్రచికిత్సలో వాడే గాజుగుడ్డ నుంచి, కొన్ని రక్త ఉత్పత్తుల నుంచి గ్లూకాన్ కలిసి, లేని రోగాన్ని ఉన్నట్టు చూపించవచ్చు.

అందుకే ఏ పరీక్ష ఏ ఫంగస్‌ను వెతుకుతుందో తెలిసి ఎంచుకోవాలి. ఫలితం నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫంగస్ లేదని తీర్మానించకూడదు. రోగి చరిత్ర, స్కానింగ్, కల్చర్, జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్‌లతో కలిపి చదివినప్పుడే బయోమార్కర్ సరైన మందును సకాలంలో మొదలుపెట్టే వీలు కల్పిస్తుంది.