ప్రజాసేవంటే గ్రూప్స్ ఒక్కటేనా?

నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లో మీ వార్డు మీకో మంచి ప్రాక్టికల్స్ ల్యాబ్. గజ్వేల్‌నే చూడండి.

'గ్రూప్స్ ఎందుకు రాస్తున్నావ్?' అని ఎవరైనా అడిగితే మీరేమంటారు? 'ప్రజాసేవ చేయాలని' అనేది చాలామంది దగ్గర రెడీగా ఉండే జవాబు. మంచిదే. అయితే మరో రెండు మూడు ప్రశ్నలు. మీ వార్డు నంబరెంత? మీ గల్లీలో మోరీ పొంగితే ముందు ఎవరికి చెప్పాలి? నల్లా నీళ్లు వదిలే లైన్‌మన్ ఏ టైమ్‌కి వాల్వ్ తిప్పుతాడు? ఇక్కడికొచ్చేసరికి 12వ షెడ్యూల్‌లోని 18 అంశాలు గడగడా చెప్పేవాళ్లు కూడా తల గోక్కుంటారు.

ఎత్తిపొడుపు కాదిది. కోచింగ్ సెంటర్‌లో ప్రజాసేవ ఒక చాప్టర్. వార్డులో అది పొద్దున ఆరు గంటలకు మోగే ఫోన్. ఆ ఫోన్ ఎత్తే మనిషే కౌన్సిలర్. పట్టణంలో ప్రజలు నేరుగా ఎన్నుకునే అన్నింటికన్నా చిన్న పదవి అది. పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండి, ఆ మున్సిపాలిటీలో ఓటరై ఉండాలి. అంటే డిగ్రీ ఫైనలియర్ దాటిన వయసు. మీ వయసే.

పైనుంచి అన్నీ వచ్చిన ఊళ్లో

గజ్వేల్‌నే ఎందుకు తీసుకోవాలంటే, రాష్ట్రంలో పెద్ద పనులు ఇంతగా చూసిన చిన్న పట్టణాలు తక్కువ. 2014 నుంచి 2023 చివరి దాకా ఇది ముఖ్యమంత్రి నియోజకవర్గం. అభివృద్ధి పనుల కోసం 'గడా' పేరుతో ప్రత్యేకంగా ఓ సంస్థనే పెట్టారు. మిషన్ భగీరథను ప్రధాని నరేంద్ర మోదీ 2016 ఆగస్టు 7న ప్రారంభించింది ఇక్కడి కోమటిబండలోనే. మర్కూక్ దగ్గర 15 టీఎంసీల కొండపోచమ్మసాగర్ 2020 మేలో మొదలైంది. ఒకప్పుడు రైలు కూతే తెలియని ఊరికి మనోహరాబాద్ మీదుగా పట్టాలొచ్చాయి. 2023 అక్టోబరులో మొదలైన సిద్దిపేట-సికింద్రాబాద్ రైలుకు గజ్వేల్‌లో స్టాప్ ఇచ్చారు.

ఇన్ని పైనుంచి వచ్చాక వార్డు కౌన్సిలర్‌కి మిగిలిన పనేంటి?

పైపు చివర ఉన్నదంతా ఆయన పనే. హెడ్‌వర్క్స్ ఎంత పెద్దదైనా, గల్లీలో మొదటి నాలుగిళ్లు మోటార్లు బిగిస్తే చివరింటి నల్లాకు గాలే వస్తుంది. ఆ చివరింటి అవ్వ ఇంజినీర్ ఇన్ చీఫ్‌కు ఫోన్ చేయదు. కౌన్సిలర్ గుమ్మం ముందు బిందె పెట్టి నిలబడుతుంది. మోటార్ పెట్టినాయన కూడా ఆయనకు ఓటేసినాయనే. ఇప్పుడు ఎవరి పక్షాన మాట్లాడాలి? 'ఎథిక్స్' పేపర్లో ఈ కేస్ స్టడీకి మార్కులు తెచ్చుకోవడం తేలికే. వార్డులో ఎల్లుండి పొద్దున ఆ ఇద్దరికీ మళ్లీ ఎదురుపడాలి.

గజ్వేల్-ప్రజ్ఞాపూర్ మున్సిపాలిటీలో 20 వార్డులకు 2020 జనవరి 22న పోలింగ్ జరిగింది. ఆ పాలకవర్గాల అనుభవం కొంచెం ప్రత్యేకం. ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలైంది. ముళ్లపొదలు కొట్టించడం, ఖాళీ ప్లాట్లు శుభ్రం చేయించడం, పాత కరెంటు స్తంభాలు లెక్కపెట్టడం... ఊపిరి తీసుకునే లోపే మార్చిలో లాక్‌డౌన్. ఎజెండా అంటే ఏంటో ఇంకా పూర్తిగా తెలియని కొత్త కౌన్సిలర్ ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఏ వలస కూలీ గదిలో పొయ్యి వెలగలేదో చూడాల్సి వచ్చింది. పదవిలో మొదటి మూడు నెలలు అలా గడిచిన వాళ్లకు ప్రజాసేవ అనే మాట మనం పుస్తకంలో చదివినట్టు వినిపించదు.

సంతకం లేని పదవి

ఒక సంగతి ముందే తెలుసుకోండి. కౌన్సిలర్ సంతకంతో మున్సిపాలిటీలో ఒక్క బిల్లు కూడా పాస్ కాదు. అమలు చేసే అధికారం కమిషనర్‌ది. కౌన్సిలర్ చేయగలిగింది అడగడం, కౌన్సిల్ సమావేశంలో లేవనెత్తడం, తీర్మానానికి ఓటేయడం, ఆ తర్వాత ఆ కాగితం వెంట పడటం. కల్వర్టు కావాలంటే అసిస్టెంట్ ఇంజినీర్ వచ్చి కొలవాలి, అంచనా వేయాలి, నిధి ఎక్కడిదో తేలాలి, కౌన్సిల్ ఒప్పుకోవాలి, టెండర్ పిలవాలి. గల్లీలో మనకు కనిపించేది మాత్రం కంకర దింపిన రోజే. 'ఆర్నెల్లయింది, ఏం చేస్తున్నవన్నా?' అని అడిగేవాళ్లకు ఈ దారంతా విడమరిచి చెప్పడం కూడా కౌన్సిలర్ పనిలో భాగమే. చెప్పకుండా 'అయిపోతది' అనేవాళ్లే ఎక్కువనుకోండి.

మోరీల తగాదా సంగతి చెప్పక్కర్లేదు. 'నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు' అన్నారు పెద్దలు. గల్లీలో మాత్రం పల్లం ఎటుందన్నదే గొడవ. మా ఇంటి ముందు నుంచి వద్దంటే మా ఇంటి ముందు నుంచి వద్దని ఇద్దరూ నిలబడతారు. ఇంజినీర్ లెవెల్ పట్టి చూపించాక కూడా ఓ పట్టాన ఒప్పుకోరు. అప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుని, ఇద్దరిదీ పూర్తిగా వినే ఓపిక కావాలి. రోజూ పేపర్లలో చూసే 'కమ్యూనికేషన్ స్కిల్స్' ప్రకటనల్లో దీని ఊసే ఉండదు.

మీకు వెంటనే పనికొచ్చే విద్య ఒకటి ఇక్కడుంది. సమస్యను ఒక్క పేజీలో రాయడం. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్లకు ఇబ్బంది, ఇంతకుముందు ఎవరికి ఏ తేదీన చెప్పారు, ఇప్పుడేం కోరుతున్నారు. ఇంతే. 'మా వీధి సమస్యలు పరిష్కరించగలరు' అని రాసిన దరఖాస్తు ఫైల్లోనే పడి ఉంటుంది. 'ఫలానా గుడి వెనక గల్లీలో నాలుగు స్తంభాలకు లైట్లు వెలగడం లేదు, స్తంభాల నంబర్లు ఇవి' అని రాస్తే ఎలక్ట్రీషియన్ చేతికి వెళ్తుంది. మీ నాన్న తరఫున, పక్కింటి పెద్దమ్మ తరఫున అలాంటివి ఓ పది రాసి చూడండి. డిస్క్రిప్టివ్ పేపర్‌కి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ లేదు. పైగా మార్కులు వేసేది నిజమైన ఆఫీసు.

చట్టం కూడా ఒకసారి తిరగేయండి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం కౌన్సిలర్ మెడకు ఓ విచిత్రమైన బాధ్యత తగిలించింది. వార్డులో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. నిర్లక్ష్యం చేస్తే పదవికే ఎసరు. మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నది కూడా అందులోదే. ఇళ్ల అనుమతుల్లో మాత్రం కౌన్సిలర్ పాత్రేమీ లేదు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునే పేదలకు రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. 'పర్మిషన్ నేను ఇప్పిస్తా' అని ఎవరైనా అంటే మీకు తెలియాల్సింది ఇదే.

12వ షెడ్యూల్ గుర్తుండటం లేదా? బట్టీ పట్టకుండా కౌన్సిలర్‌కి ఒక వారంలో వచ్చే ఫోన్లు ఊహించుకోండి. నీళ్లు రాలేదంటే ఐదో అంశం. చెత్త ఆటో రాలేదంటే ఆరోది. శ్మశానానికి దారి బాగాలేదంటే పద్నాలుగు. పాప పుట్టింది, సర్టిఫికెట్ ఎక్కడిస్తారని అడిగితే పదహారు. బస్టాప్ దగ్గర లైటు పోయిందంటే పదిహేడు. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిందని వేరేగా గుర్తుపెట్టుకోవాలి. దానికి మాత్రం ఫోన్ రాదు.

కొత్త గల్లీల్లో పాత ఊళ్లు

గజ్వేల్‌లో సేవ అనే మాటకు అసలు బరువు తెలియాలంటే ముట్రాజ్‌పల్లి, సంగాపూర్ వైపు వెళ్లాలి. 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద ఊళ్లు పోయినవాళ్ల ఆర్ అండ్ ఆర్ కాలనీ అక్కడుంది. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్... ఒకప్పుడు వేటికవే పంచాయతీలు. సర్పంచ్ ఎవరో, చావడి ఎక్కడో, పోచమ్మకు బోనం ఏ దారిన వెళ్తుందో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ ఊళ్ల మీద నీళ్లున్నాయి. మనుషులు పట్టణం పక్కన వరుస ఇళ్లలో ఉన్నారు.

ఇల్లు, ప్లాటు, పరిహారం కాగితాల మీద లెక్కపెట్టగలం. పొలానికి పోయొచ్చే దారిలో కలిసే మనుషులను ఎలా లెక్కపెడతారు? పొద్దున లేచి ఎటు వెళ్లాలో తెలియని పెద్దాయనకు ఏ పథకం వర్తిస్తుంది? ఇలాంటి చోట ప్రజాప్రతినిధి అంటే రోడ్లు, మోరీలతో పాటు ఊరును మళ్లీ ఊరుగా నిలబెట్టే పని కూడా. బతుకమ్మ ఎక్కడ ఆడాలి, ఎవరైనా పోతే ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నవి కూడా తేల్చాల్సిన ప్రశ్నలే. వీటికి జవాబు ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో దొరకదు.

ఆ కాలనీ నుంచి ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నవాళ్లకు ఒక మాట. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మీ స్థానికత తేల్చేది మీరిప్పుడు ఉంటున్న ఇల్లు కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది. అందులో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా. మీరు చదివిన బడి ఇప్పుడు పాత చోట లేదు కాబట్టి, బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక, చివరి తేదీకి నాలుగు రోజుల ముందు మండల విద్యాధికారి ఆఫీసు వెతుక్కోవద్దు. ఆధార్, ఓటరు కార్డుల్లో చిరునామా మార్పు సంగతి కూడా అంతే. మీ పని అయ్యాక పక్కింటి తమ్ముడికీ చేసిపెట్టండి. కౌన్సిలర్లు రోజూ చేసే పనుల్లో సగం ఇలాంటివే.

'సార్ లేరా అమ్మా?'

అమ్మాయిలకు ఇంకో సంగతి. తెలంగాణ మున్సిపాలిటీల్లో సగం సీట్లు మహిళలవి. కానీ మహిళా కౌన్సిలర్ ఇంటికి వెళ్లినవాళ్లు కొందరు ఇప్పటికీ అడిగేది 'సార్ లేరా అమ్మా?' అనే. ఫోన్ నంబర్ భర్తది, ఫ్లెక్సీలో పెద్ద ఫొటో భర్తది. చట్టం కుర్చీ ఇచ్చింది కానీ కుర్చీలో కూర్చునే అలవాటు ఇవ్వలేదు. ఎజెండా కాపీని తనే చదివి, సమావేశంలో తనే లేచి అడిగిన మహిళను అధికారులు రెండోసారి తేలిగ్గా తీసుకోరు. కేరళలో ఆర్యా రాజేంద్రన్ 2020 డిసెంబరులో తిరువనంతపురం మేయర్ అయినప్పుడు ఆమె వయసు 21. అప్పటికింకా డిగ్రీ విద్యార్థినే.

బల్లకు అటువైపు, ఇటువైపు

ఇక నిష్ఠూరమైన మాట. కౌన్సిలర్ పదవిని ఉద్యోగంగా లెక్కేసుకోవద్దు. గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. పెళ్లికి పిలిస్తే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలి, వినాయకుడి మండపానికి చందా ఇవ్వాలి. ఎన్నికల ఖర్చు సంగతి మీకు తెలిసిందే. ఐదేళ్లయ్యాక వార్డు రిజర్వేషన్ మారితే, ఎంత బాగా చేసినా మళ్లీ నిలబడే అవకాశమే ఉండకపోవచ్చు. 2020లో వచ్చిన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగియగానే వాటి స్థానంలో ప్రత్యేకాధికారులు వచ్చారు. సొంత దుకాణమో, పొలమో, ట్యూషనో ఏదో ఒక బతుకుదెరువు లేకుండా దిగితే పదవే బతుకుదెరువు అవుతుంది. తప్పుదారి అక్కడే మొదలవుతుంది. పైకి ఎదిగినవాళ్లు లేకపోలేదు. కరీంనగర్‌లో కార్పొరేటర్‌గా చేసిన బండి సంజయ్ కేంద్రమంత్రి అయ్యారు. సికింద్రాబాద్ మోండా మార్కెట్ కార్పొరేటర్‌గా మొదలైన పద్మారావుగౌడ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్ దాకా వెళ్లారు. వాళ్ల పేర్లు గుర్తుంటాయి. వార్డుతోనే ఆగిపోయిన వేలమంది పేర్లు ఎవరికీ తెలియవు.

మరి మీకేంటి లాభం? కౌన్సిల్ బల్లకు రెండో వైపు కూర్చునేవాళ్లంతా పరీక్ష రాసి వచ్చినవాళ్లే. గ్రూప్-1, గ్రూప్-2లలో మున్సిపల్ కమిషనర్ పోస్టులుంటాయి. 2022 గ్రూప్-4 నోటిఫికేషన్‌లో వార్డు ఆఫీసర్ పోస్టులొచ్చాయి. సివిల్ ఇంజినీరింగ్ చదివితే ఏఈ అవ్వొచ్చు. రేపు మీరు ఆ వైపు కూర్చున్నప్పుడు, ఇటు నుంచి ఓ కౌన్సిలర్ గొంతు పెంచి అడిగితే ఆయన వెనక బిందె పట్టుకుని నిలబడ్డ అవ్వ మీకు కనిపించాలి. వార్డు తెలిసినవాళ్లకే అది కనిపిస్తుంది.

మొదలుపెట్టడానికి పదవీ అక్కర్లేదు, నోటిఫికేషనూ అక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి. ఒక్కో దాంట్లో 15 మంది. అందులో ఒకటి అచ్చంగా యువతది. మీ వార్డు యువ కమిటీలో ఎవరున్నారో మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. జాబితా చేతికొచ్చాక అందులో మీ క్లాస్‌మేట్ పేరు కనిపించినా ఆశ్చర్యపోకండి. తన పేరు అందులో ఉందని అతనికే తెలియకపోవచ్చు.