వల గీసిన పొలుసులు

"సార్, ఇది చేపనా, పెంకుటిల్లా?"

ఎనిమిదో తరగతి పిల్లాడి ప్రశ్న అది. వాడి చేతిలో ఉన్నది నేను చేసిన గాలపు ఎర. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర ముక్కను చేప ఆకారంలో చెక్కి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, సన్న కుంచెతో ఒక్కో పొలుసూ గీశాను. రెండు ఆదివారాలు పట్టింది. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే వాడన్నది నిజమే. చేప ఒంటి నిండా పెంకులే ఉన్నాయి.

నిజానికి పోలిక తప్పు కాదు. ఇంటి మీద పై పెంకు అంచు కింది పెంకును కప్పినట్టే, చేప మీద ముందు పొలుసు అంచు వెనక పొలుసును కప్పుతుంది. అక్కడ వాన జారిపోవాలి, ఇక్కడ నీరు జారిపోవాలి. చేప పెరిగేకొద్దీ పొలుసులు పెద్దవవుతాయి గానీ కొత్త వరసలు చేరవు. రవ్వ చేప పక్కన తల నుంచి తోక దాకా సాగే వరసలో నలభై పైచిలుకు పొలుసులుంటాయి. అది జానెడు పిల్లయినా, మూడు కిలోల చేపయినా అంతే. మరి నా బొమ్మలో తేడా ఎక్కడుంది? నేను గీతలు గీశాను. చేప మీద గీతలుండవు, అంచులుంటాయి. అంచుకు ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ.

కుంచెకు లొంగని ఈ పనిని వందేళ్ల కిందటే ఒక జాలి గుడ్డ చేసి చూపించింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో గారెట్ అనే చిన్న ఊళ్లో 1916లో క్రీక్ చబ్ బెయిట్ కంపెనీ మొదలైంది. అప్పటికే పక్కనున్న మిషిగన్ రాష్ట్రంలో హెడ్డన్ కంపెనీ చెక్క ఎరలకు పెద్ద పేరు. నున్నగా మెరిసే వాళ్ల రంగుల ముందు కొత్తవాళ్లు నిలబడాలంటే ఏదో ఒకటి కొత్తగా చూపించాలి. క్రీక్ చబ్ స్థాపకుల్లో ఒకడైన హెన్రీ డిల్స్ చెక్క చేపకు వల చుట్టి, ఆ వల మీద రంగు చిమ్మించాడు. వల తీసేస్తే ఒంటి నిండా పొలుసులు. చేపను పట్టే వలతోనే చేపను గీయడం! ఆ పద్ధతికి పేటెంటూ తీసుకున్నాడు. ఆ తర్వాత పోటీ కంపెనీల ఎరలకూ పొలుసులు రాక తప్పలేదు.

దీన్ని నేను చేసి చూశాకే అసలు తెలివి ఎక్కడుందో అర్థమైంది. తెల్ల ప్రైమరు వేశాక మొదట చేపంతా నలుపు కొట్టాలి. ఆరాక నెట్ గుడ్డ కప్పి, పొట్ట కింద బట్టల క్లిప్పులతో బిగించాలి. దాని మీద వెండి రంగు. గుడ్డ తీస్తే దారం ఉన్నచోట నలుపు, వల కన్ను ఉన్నచోట వెండి. అంటే వల పొలుసును గీయడం లేదు, పొలుసుకూ పొలుసుకూ మధ్య చోటును కాపాడుతోంది. రంగుల వరస తిరగేసి, వెండి మీద నలుపు కొడితే నల్ల పొలుసులకు వెండి అంచులొస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ మన రవ్వకు అంచే ముదురు.

ఇంకో సంగతి చాలా రోజులకు పట్టుబడింది. దారానికీ మందం ఉంది కదా, రంగును నిటారుగా కాక తోక వైపు నుంచి తల వైపుకు ఏటవాలుగా కొడితే ఆ మందం అడ్డుపడి, ముందున్న పొలుసు వెనకంచు మీద కాస్త తక్కువ రంగు పడుతుంది. అక్కడ నీడ తేలుతుంది. ఒక పొలుసు ఇంకో పొలుసు మీదికి ఎక్కినట్టు కనిపిస్తుంది. చెక్క మీద ఎత్తుపల్లాలేమీ లేవు, వేలితో తడిమితే అంతా నునుపు. అలా తడిమినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గుడ్డ బిగుతే ప్రాణం. ఎక్కడ చెక్కకు అంటుకోదో అక్కడ గాలికి లేచి అంచు చెదురుతుంది. రంగు ఎక్కువైతే దారం కిందికి పాకి నాలుగు పొలుసులు ఒకటైపోతాయి. ఉల్లిగడ్డల సంచి వాడి చూశాను, కన్ను పెద్దది, దారం మోటు. ఓణీలకు కుట్టే నెట్ గుడ్డ సరిగ్గా సరిపోయింది. దాని కన్ను ఆరు మూలలది. పొడవునా లాగితే పొలుసూ సాగుతుంది.

ఆ ఆరు మూలల కన్ను వెనక ఒక యంత్రం ఉంది. దాని కథ నాకు ఎర కథ కన్నా ఇష్టం. ఇంగ్లండులో ఆడవాళ్లు దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారపు కండెలను అటూ ఇటూ దాటిస్తూ లేసు అల్లేవారు. జాన్ హీత్‌కోట్ అనే ఆయన ఆ చేతులను గమనించాడు. సగం దారాలు నిలువుగా సాగుతున్నాయి, మిగతావే వాటిని చుట్టుకుంటూ ఐమూలగా పోతున్నాయి. నిలువు దారాలను మగ్గం మీద పడుగులా బిగించి, చుట్టే దారాలను బిళ్లల్లాంటి పలచని కండెల్లో పెట్టాడు. అవి పడుగు సందుల్లోంచి ఊయలలా ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఊగుతూ ఊగుతూ ఒక్కో దారం పక్కకు జరిగి, దారాన్ని దారం మెలేసుకుంటుంది. అందుకే ఆ గుడ్డను ఎక్కడ కోసినా విడిపోదు. 1808, 1809లలో పేటెంట్లు వచ్చాయి. 1816లో ఒక రాత్రి, యంత్రాలు తమ కూలిని మింగేస్తున్నాయని రగిలినవాళ్లు లఫ్‌బరోలో ఆయన ఫ్యాక్టరీలోని 55 యంత్రాలను పగలగొట్టారు. ఆయన దూరాన ఉన్న టివర్టన్‌కు మకాం మార్చాడు, వెంట చాలామంది పనివాళ్లూ వెళ్లారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే నైలాన్ నెట్ చాలావరకు వేరే అల్లిక యంత్రాల మీద వస్తోంది. కన్ను మాత్రం అదే.

రంగు చిమ్మే పరికరం సూత్రం పాత రోజుల దోమల మందు పంపుదే. గాలి ఇరుకు మూతిలోంచి వేగంగా దూసుకుపోతే అక్కడ ఒత్తిడి తగ్గి, రంగు పైకి లేచి తుంపరై పోతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఒకటి నాచారంలో తుక్కు కొట్లో దొరికింది, దానికి చిన్న గన్ తగిలించాను. రంగు పాలంత పలచగా ఉండాలి.

క్రీక్ చబ్ తర్వాత ఎరల కథ త్వరత్వరగా నడిచింది. ఫిన్లండులో లౌరి రపాలా 1936లో బెరడు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైపూత వేశాడు. ప్లాస్టిక్ వచ్చాక పొలుసులు అచ్చులోనే పడ్డాయి, ఇప్పుడైతే చేప ఫొటోనే ముద్రిస్తున్నారు. చూపుకు అవే నిజమైనవి. కానీ వాటిలో దారం నీడ ఉండదు.

నెట్‌తో పొలుసులు వేసిన మా ఎరను ఘట్‌కేసర్ దాటాక ఒక స్నేహితుడి వ్యవసాయ బావిలో వేశాం. మూడో విసురుకు కొర్రమీను కొట్టింది, గాలానికి చిక్కకుండా వదిలేసింది. పైకి లాగి చూస్తే ఒంటి మీద పంటి గాట్లు. ఒక గాటులో వెండి కింద నలుపు, నలుపు కింద తెల్ల ప్రైమరు, దాని కింద పొనికి కర్ర కనిపిస్తున్నాయి. పిల్లాడు ఎరను ఎండకు పట్టి, గాటు పడని వైపు పొలుసులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తోక దాకా ముప్పై ఎనిమిది వచ్చాయి.

"రవ్వకు రెండు తక్కువున్నాయి సార్. ఈసారి నెట్ కొంచెం తక్కువ లాగుదాం."