మా జీపు జ్వరం

మనిషికి జ్వరం వస్తే డాక్టరు నాలిక కింద థర్మామీటరు పెట్టి చూస్తాడు. జీపుకు జ్వరం వస్తే మనం ఏం చేస్తాం? చెంబుడు నీళ్ళు పోస్తాం. చల్లబడగానే మళ్ళీ ఎక్కి కూర్చుంటాం. నేను అయిదేళ్ళపాటు చేసిన వైద్యం అదే. ఆ వైద్యం ఎందాకా వచ్చిందో, చివరికి ఎవరి చెయ్యి కాలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా మామగారికి పాడేరు అవతల చిన్న కాఫీతోట ఉంది. తారురోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. మధ్యలో రెండు గెడ్డలు. కారులో వెళితే కారు ఒడ్డున ఉంటుంది, మనం నడిచి వెళ్ళాలి. అంచేత 2018లో ఒక పాత డీజిలు జీపు కొన్నాను. “ఈ వయసులో ఈ సరదా ఏమిటండీ?” అంది మా ఆవిడ. “మీ పుట్టింటికి వెళ్ళడానికే” అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

విశాఖపట్నంలో బయలుదేరి చోడవరం, వడ్డాది దాటేవరకు బండి ఎంతో బుద్ధిగా నడిచేది. ఘాటురోడ్డు మొదలై, రెండో గేరులో నాలుగు మలుపులు తిరిగేసరికి బానెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చేది. దారిలో కనపడిన ప్రతివారూ ఒక సలహా ఇచ్చేవారు. నేను ఎవరి మాటా కాదనలేదు. “థర్మోస్టాటు తీసి పారెయ్యండి, నీళ్ళు ధారాళంగా తిరుగుతాయి” అన్నారు ఒకాయన. తీసి పారేశాను. “మంచులో దారి కనపడాలంటే పెద్ద లైట్లుండాలి” అన్నారు ఇంకొకాయన. రేడియేటరు ముందరి జాలీకి అడ్డంగా తాంబాళాలంత లైట్లు రెండు బిగించాను. వేడి చూపించే ముల్లు ఎప్పుడో పడుకుంది. అది లేవకపోవడం నాకు ఒకందుకు హాయిగానే ఉండేది. వెనక సీటు కింద రెండు క్యాన్ల నీళ్ళు ఉన్నంతకాలం నాకు భయమేమిటి?

2023 మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకు బయలుదేరాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, సెలవులకు మా ఇంటికి వచ్చిన మా బావమరిది. అతను ఏజెన్సీలో బడిపంతులు. ఘాటు సగం ఎక్కామో లేదో బండి కుతకుతమంది. పక్కకు తీసి ఆపాను. పది నిమిషాలు గడిచాయి. పిల్లలు జాతర, జాతర అని గోల. నాకూ తొందరగానే ఉంది.

“నీళ్ళెంత ఉన్నాయో కాస్త మూత తీసి చూడరా” అన్నాను. అన్నది నేనే.

అతను చేతిరుమాలు మడిచి మూతమీద వేసి తిప్పాడు. మూత ఎగిరిపోయింది. నిలువెత్తు ఆవిరి, దానితోపాటు సలసల కాగే నీళ్ళు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు కనక కళ్ళు దక్కాయి. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయింది.

చుట్టూ చేరినవారిలో ఒకరు సిరా పొయ్యమన్నారు. ఒకరు పళ్ళపేస్టు రాయమన్నారు. మా ఆవిడ ఎవరి మాటా వినలేదు. సీటు కిందినుంచి క్యాను లాగి తమ్ముడి చేతిమీద సన్నగా ధార కట్టింది. “అవి ఇంజనుకి...” అన్న మాట నా నోట్లోంచి జారింది. అప్పుడు ఆవిడ నావంక చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. ఇరవై నిమిషాలు, రెండు క్యాన్లూ అయిపోయేదాకా అలా పోస్తూనే ఉంది. కాలిన వెంటనే చెయ్యవలసింది అదేనని తరవాత డాక్టరు చెప్పాడు. పాడేరు వెళ్ళే బస్సు ఆపి అతన్ని ఎక్కించాం. రెండు నెలలు అతను ఎడమచేత్తో అన్నం తిన్నాడు. బడి తెరిచినా సుద్దముక్క పట్టలేకపోయాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అసలు ఆ మూత ఎందుకు ఎగిరిందో మీకు చెప్పాలి. మీ వంటింట్లో ప్రెషరు కుక్కరు ఉంది కదా? రేడియేటరు మూత దానికి చుట్టమే. మూతమీద 13 అని ఉంటే, చదరపు అంగుళానికి 13 పౌన్ల ఒత్తిడి దాకా అది లోపలిదాన్ని బయటికి పోనివ్వదని అర్థం. ఒత్తిడి ఒక పౌను పెరిగితే నీళ్ళు మరిగే వేడి ఇంచుమించు డిగ్రీన్నర పెరుగుతుంది. 100 డిగ్రీలకు మరగవలసిన నీళ్ళు 118 దాకా ఓర్చుకుంటాయన్నమాట. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తున విడి గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. అంచేత కొండలెక్కే బండికి మంచి మూత మరీ అవసరం. అయితే 105 డిగ్రీల వేడిలో ఉన్న నీళ్ళమీద ఆ మూత తీశామనుకోండి. ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. నీళ్ళలో కొంతభాగం అప్పటికప్పుడు ఆవిరై, మిగతా వాటిని తన్నుకుంటూ బయటికి వస్తుంది. చేతిరుమాలు ఏం ఆపుతుంది?

జీపును లారీమీద విశాఖపట్నం దింపించి, ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయాను. “ఉన్నవాటిలోకెల్లా పెద్ద రేడియేటరు వెయ్యండి, డబ్బుకు వెనకాడను” అన్నాను.

“జబ్బేమిటో తెలియకుండా మందు కొంటారా బాబూ?” అన్నాడాయన.

ఆయన చెప్పింది ఇది. ఇంజను కాల్చే డీజిలు వేడిలో, స్థూలంగా, మూడోవంతు చక్రాలు తిప్పుతుంది. మరో మూడోవంతు పొగతోపాటు పోతుంది. మిగిలినదాన్ని చాలావరకు నీళ్ళు మోసుకుపోవాలి. నీళ్ళు దాన్ని రేడియేటరుకు అప్పగించాలి, రేడియేటరు గాలికి అప్పగించాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా వేడి ఇంజనులోనే ఉండిపోతుంది. తెగిన లంకె వదిలేసి పక్క లంకెకు బంగారం తొడిగితే ఏం లాభం?

ఇంజను వేడెక్కేదాకా నడిపి, పిస్తోలు లాంటి పరికరం ఒకటి తీసి రేడియేటరు వంక గురిపెట్టాడు. తాకకుండానే వేడి కొలుస్తుంది అది. కొన్నిచోట్ల 85 డిగ్రీలు, కొన్నిచోట్ల 50. “పరవాలేదే, ఇక్కడ బాగా చల్లగా ఉంది!” అన్నాను. “సంతోషించకండి బాబూ, అక్కడికి నీళ్ళే పోవడం లేదు” అన్నాడు.

విప్పి చూస్తే, మా ఇంటి పాత రాగి బాయిలరు అడుగున ఉన్నట్టే తెల్లటి సున్నం. అయిదేళ్ళు నేను పోసిన బోరునీళ్ళ పుణ్యం. సగం గొట్టాలు పూడిపోయాయి. ఉన్నది రెండు వరసల గొట్టాలది. దాని స్థానంలో మూడు వరసలది వేయించాను. “నాలుగు వరసలదే వెయ్యండి” అన్నాను. “ముందు వరసలను తాకి వేడెక్కిన గాలి వెనక వరసను ఏం చల్లబరుస్తుంది? పైగా మందం పెరిగితే గాలి దూరడమే కష్టం” అన్నాడు.

తీసి పారేసిన థర్మోస్టాటు స్థానంలో 82 డిగ్రీలకు తెరుచుకునేది కొత్తది పెట్టాడు. అది లేకపోతే ఇంజను చలికాలం పొద్దుటిపూట వేడెక్కక అరిగిపోతుందట. పైగా కొన్ని ఇంజన్లలో రేడియేటరుకు పోకుండా తప్పించుకునే అడ్డదారిని మూసేది కూడా థర్మోస్టాటే. అది తీసేస్తే కొన్ని నీళ్ళు చల్లబడకుండానే ఇంజనుకు తిరిగివస్తాయి. చల్లదనానికని నేను చేసిన పని వేడికే సాయపడిందన్నమాట.

తరవాత గాలి సంగతి. రోడ్డుమీద యాభై, అరవైలో పోతుంటే ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. కొండబాటలో గంటకు పది కిలోమీటర్లు. ఇంజను మాత్రం గొంతు చించుకుంటుంది. అప్పుడు దిక్కు ఫ్యానే. మా ఫ్యాను చుట్టూ ఉండవలసిన రేకుతొడుగు ఎవరో ఎప్పుడో పీకేశారు. “అది లేకపోతే ఏం? ఫ్యాను తిరుగుతూనే ఉందిగా” అన్నాను ఇంటికి వచ్చి. మా ఆవిడ నవ్వింది. “మా అమ్మ ఇప్పటికీ కట్టెలపొయ్యిమీద వండుతుంది. ఊదుగొట్టం లేకుండా ఊదితే ఊపిరంతా ఎటో పోతుంది. గొట్టంతో ఊదితే ఉన్న ఊపిరంతా నిప్పుమీదికే. మీ తొడుగూ అదేగా?” అంది.

అదే! తొడుగు లేకపోతే రెక్కల అంచుల పక్కనుంచి ఇంజను దగ్గరి వేడిగాలే వెనక్కి తిరుగుతుంది. ఉంటే, ఫ్యాను లాగే ప్రతి ఊపిరీ రేడియేటరులోంచే రావాలి. మేస్త్రీ కొత్త తొడుగు చేయించి, రెక్కలు సగం దాని లోపల, సగం బయట ఉండేలా అమర్చాడు. ఇంజను కుదుపుకు తగలకుండా అంచుకూ రెక్కకూ మధ్య అంగుళం ఖాళీ వదిలాడు. నా తాంబాళాల లైట్లు జాలీ ముందునుంచి తీసి బంపరు కొసలకు మార్చాడు. “ఇంత ఖర్చులో మీ బండికి ఎక్కువ మేలు చేసింది ఈ లైట్లు జరపడమే కావచ్చు. దానికి నేను డబ్బు తీసుకోను” అన్నాడు.

బోరునీళ్ళు మానేశాను. కూలెంటు సగం, బాటరీలో పోసే శుద్ధజలం సగం. దానివల్ల తుప్పు, సున్నం పట్టవు. మరిగే వేడి కూడా కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఒక హెచ్చరిక. ఈ కూలెంటులో సాధారణంగా ఉండే గ్లైకాలు రుచికి తియ్యన, ఒంటికి విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా దాచండి. మేము మందుల అలమరలాగే తాళం వేసి ఉంచుతున్నాం.

చివరిది, అంకెలు చూపించే కొత్త గేజి. ముల్లు 100 దాటితే వేగం తగ్గించి చిన్న గేరులోకి దిగుతాను. ఇంకా ఎక్కితే ఆపి, నీళ్ళు కారడం లేదని చూసుకుని, ఇంజనును కాసేపు ఉత్తినే నడవనిస్తాను. కారుతున్నా, ఆవిరి కనిపించినా వెంటనే కట్టేస్తాను. గంట గడిచి, రేడియేటరు చేతికి చల్లగా తగిలేదాకా మూత జోలికి ఎవరూ పోకూడదు. ఇది మా ఇంట్లో శాసనం. తోటనుంచి వచ్చాక రేకుల సందుల్లోని బురదను ఇంజను వైపునుంచి బయటికి మెల్లగా నీళ్ళతో కడుగుతాను.

మరుసటి ఏడు మళ్ళీ జాతరకు బయలుదేరాం. బావమరిది ముందుసీట్లో నా పక్కన కూర్చున్నాడు. చేతిమీద మచ్చ పొట్టిచొక్కాలోంచి కనపడుతోంది. ఘాటు మొదలైంది. ముల్లు 84. అతనూ చూస్తున్నాడు, నేనూ చూస్తున్నాను. ఎవరం మాట్లాడలేదు. కిందటేడు ఆగిన మలుపు వచ్చింది. 90. ఆ పైన నిటారు ఎక్కుడు. 94. అక్కడ ఆగింది ముల్లు. చివరి మలుపు తిరిగాక మళ్ళీ 86కు దిగింది.

పాడేరులో బండి ఆపగానే అతను నావంక తిరిగి, “బావా, మూత తీసి చూడనా?” అన్నాడు.

పిల్లలు పకపక నవ్వారు. మా ఆవిడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వెనక సీటు కింద రెండు క్యాన్లూ నిండుగా ఉన్నాయి. అందులోంచి ఒక గ్లాసు నీళ్ళు వంచి ముందు అతనికి ఇచ్చాను.