క్రీడోత్సవాల మస్కట్లు – వాటి అంతరార్థం

ఈ సంవత్సరం కళాశాల క్రీడోత్సవానికి ఒక చిహ్నాన్ని సూచించవలసినదిగా విద్యార్థులను కోరినాము. మాకందిన చిత్రాలలో అధికభాగం సింహాలే. కొల్లేటి ప్రాంతపు విద్యార్థి ఒకడు మాత్రం గూడబాతును గీసి తెచ్చినాడు. తరగతి అంతా నవ్వినది. "ఆ సంచిమూతితో ఏం పరుగెత్తుతుంది మాస్టారూ!" అని ఒకరు పరిహసించినారు. ఆ నవ్వే ఈ వ్యాసానికి ప్రేరణ.

మస్కట్ అనే మాట ఫ్రెంచి నుండి వచ్చినది. దాని వేళ్ళు మంత్రగత్తె అనే అర్థమిచ్చే ఒక మాటలో ఉన్నవి. 1880లో పారిస్‌లో ఎడ్మండ్ ఆడ్రాన్ సంగీత నాటకం 'లా మస్కాట్' ప్రదర్శింపబడిన పిమ్మట, అదృష్టాన్ని తెచ్చునది అనే అర్థంలో ఈ మాట లోకమంతటా వ్యాపించినది. మన రైతు పొలంలో నిలిపే దిష్టిబొమ్మ చెడును తరుముతుంది. మస్కట్ మంచిని పిలుస్తుంది.

వేసవి ఒలింపిక్ క్రీడలకు తొలి అధికారిక మస్కట్ 1972లో మ్యూనిక్ నగరం ఎన్నుకొన్న వాల్డీ అనే పొట్టికాళ్ళ కుక్క. 1980లో మాస్కో మీషా అనే ఎలుగుబంటి పిల్లను నిలిపినది. 1988లో సియోల్ నగరపు హోడోరి పులిపిల్ల. పులులు అనేక దేశాలలో కలవు గదా, అది కొరియా పులి అని తెలియుట ఎట్లు? దాని తలపై కొరియా కర్షకులు తమ వాద్యనృత్యాలలో ధరించే పొడవాటి పట్టీగల టోపీ ఉన్నది. జంతువు అందరిదీ, టోపీ మాత్రం వారిది. 2022లో కతర్ దేశం ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు జంతువునే విడిచిపెట్టి, అరబ్బులు ధరించే తెల్లని తలగుడ్డకే కన్నులు పెట్టి, నేర్పరియైన ఆటగాడు అనే అర్థంలో 'లయీబ్' అని పేరు పెట్టినది.

మన దేశం విషయానికి వస్తే, 1982 నవంబరులో ఢిల్లీలో ఆరంభమైన ఆసియా క్రీడలకు ఏనుగుపిల్ల 'అప్పు' మస్కట్. కేరళలో అది ముద్దుపేరు. తెలుగువానికి మాత్రం వడ్డీ గుర్తుకు వస్తుంది! భాష మారగానే చిహ్నం ఎట్లు తడబడునో చూడండి. ఆ క్రీడల 'అప్పు'గా పేరొందిన నిజమైన ఏనుగు కుట్టినారాయణన్ గురువాయూరులో జీవించి 2005లో మరణించినది.

మనకు మిక్కిలి సన్నిహితమైనది 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు హైదరాబాదులో జరిగిన ఆఫ్రో–ఆసియా క్రీడలు. వాటి మస్కట్ 'షేరూ' అనే సింహం. తెలుగు అడవులలో సింహం లేదు. సింహద్వారంలోను, సింహాసనంలోను, గుడి స్తంభాల మీదను తప్ప మనమెరుగము. ఐనను ఆ ఎన్నిక ఉచితమైనదే అని మా అభిప్రాయం. నేడు స్వేచ్ఛగా తిరిగే సింహాలు ఆఫ్రికాలోను, ఆసియాలో మన గుజరాతు గిర్ అడవులలోను మాత్రమే మిగిలినవి. రెండు ఖండాల క్రీడలకు ఇంతకు మించిన సాక్షి ఎక్కడ దొరుకును?

ఇక పేరు. 'షేర్' ఫారసీ నుండి ఉర్దూలోనికి వచ్చిన మాట. ఉర్దూ వాడుకలో అది పులికీ చెల్లుతుంది, సింహానికీ చెల్లుతుంది. ప్రత్యేకించి సింహమని చెప్పదలిస్తే 'బబర్ షేర్' అంటారు. కనుకనే 2003లో 'షేరూ' సింహమైనది, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో 'షేరా' పులియైనది. పులినీ సింహాన్నీ ఎన్నడూ ఒకటి చేయని తెలుగు విద్యార్థి ఇక్కడ తికమకపడుట సహజం. మా తరగతిలో ఆ తికమకను విప్పినవారు ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు. కవి చదివే 'షేర్' కూడ ఇదేనా అని వేరొకరు అడిగినారు. కాదు, తెలుగు లిపిలో ఒకటిగా కనిపించినను అది అరబ్బీ నుండి వచ్చిన వేరు మాట.

ఈ మాటల వెంట పోవుచుండగా మాకు గూడబాతు మరల ఎదురైనది. ఉర్దూ నిఘంటువులలో ఆ పక్షి పేరు 'హవాసిల్'. ఇది 'హౌసలా' అనే మాటకు బహువచనం. హౌసలా అనగా మొదట పక్షి మెడలోని మేత సంచి. అందులో ఎంత పట్టునో అంత సత్తువ అనే భావంతో కాబోలు, ఉర్దూలో ధైర్యం, ఉత్సాహం అనే అర్థం స్థిరపడినది. 'హౌసలా రఖో' అని ఇంటిలో పెద్దలు అనగా వినని విద్యార్థి మనలో లేడు. ఏ సంచిని చూచి తరగతి నవ్వినదో, ఆ సంచి నుండియే ధైర్యానికి పేరు వచ్చినది!

పైగా అది పొరుగూరి పక్షి. 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడి, 2002లో రాంసార్ చిత్తడినేలల పట్టికకెక్కిన కొల్లేటిలో, కైకలూరు సమీపాన ఆటపాకలో గూడబాతులు ఇనుప మంచెల మీద గుంపులుగా గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. సింహాన్ని చూడవలెనన్న గుజరాతు పోవలెను. దీనిని చూచుటకు ఒక్క దినం చాలును.

ఆ విద్యార్థి చిత్రం క్రింద 'గూడబాతు' అని తెలుగులోను, 'హవాసిల్' అని ఉర్దూలోను వ్రాయించి క్రీడాసంఘం వారికి పంపినాము. సింహాల చిత్రాలు కూడ దానితోనే వెళ్ళినవి.