కరవునాటి కాలువ

కష్టకాలమున తోటివానికి తోడ్పడుమని చెప్పని మతము లేదు. తోడ్పడునపుడు వానినుండి ఏమి కోరరాదో యెరుగుట అంతకంటె కష్టము. ఈ విషయమున మన ఒంగోలు సీమ క్రైస్తవ చరిత్రలోని యొక యుదంతము నేటికిని మననము చేయదగియున్నదని మేము తలంచుచున్నాము.

ధాత, ఈశ్వర సంవత్సరములలో (1876-78) చెన్నరాజధానిని దహించిన క్షామమును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనెడివారు. వానలు తప్పెను, ధాన్యపు ధరలు మిన్నంటెను, లక్షలకొలది జనులు ఆకటిచేతను కలరాచేతను అసువులు బాసిరి. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అచటి అమెరికను బాప్టిస్టు మిషనును 1866 నుండి జాన్ ఎవరెట్ క్లౌ దొర నడపుచుండెను. ఆ సంఘమున చేరినవారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. గాదెలో గింజ నిలువచేసికొను భాగ్య మెరుగనివారగుటచే, కరవు మొట్టమొదట వారి గడపనే త్రొక్కెను.

దొర గంజి పోయుటతో తృప్తి చెందలేదు. ప్రభుత్వము కరవుపనిగా త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడు నాలుగు మైళ్ల భాగమును తానే గుత్తకు తీసికొనెను. యౌవనమున అమెరికాలో నేర్చిన సర్వేపని ఇచట అక్కరకు వచ్చెను. సంఘపు ఉపదేశకులే మేస్త్రీలైరి. ఒక్కొక్కరి క్రింద ఒక్కొక్క జట్టు పనిచేసెను. త్రవ్విన మన్ను గంపలకెక్కి గట్టుకు చేరుచుండెను. చేసిన పనికి కూలి చేతికందుచుండెను. గలతీయులకు పౌలు వ్రాసిన లేఖ ఆరవ అధ్యాయమున, పరుల భారమును పంచుకొను ధర్మమును, తన బరువును తానే భరించు ధర్మమును రెండును బోధింపబడినవి. పైకి విరుద్ధములుగ తోచు నీ రెండును ఆ కాలువగట్టున ఒక్కటియైనవి.

ఇంతకంటె గొప్ప సంగతి వేరొకటి కలదు. ఆ దినములలో వేలకొలది జనులు తమకు బాప్తిస్మ మిమ్మని వేడిరి. దొర యీయలేదు. కూలిడబ్బును కరవుసాయమును తన చేతిమీదుగా సాగుచున్నంత కాలము, సుమారు 15 నెలలు, ఆ ద్వారమును మూసియుంచెను. అన్నము కొరకు వచ్చినవా డెవడో, విశ్వాసముచే వచ్చినవా డెవడో తెలియుట యెట్లు? సాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదిన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను.

కూటికొరకు మతము మారిరని యాక్షేపించువారు నాడును కలరు, నేడును కలరు. వారినొకటి యడుగుదుము: తరతరములుగా ఊరివెలుపల నుంచబడినవాడు, తన్ను మనిషిగా చూచినవాని వెంట నడచుటకు ఆకలి యొక్కటియే కారణము కావలెనా? ఎవరి యంతరంగమును మేము తూచజాలము. ఇచ్చినవాని నిగ్రహమును మాత్రము తూచవచ్చును. మందను పెంచుకొనుటకు అంతకంటె అనువైన సమయము దొరకదు. ఆ సమయముననే ఆయన చేయి వెనుకకు తీసికొనెను.

కరవైనను ఉప్పెనయైనను ఆదుకొనుటకు నేడు మనలో చర్చీలు, మఠములు, రాజకీయపక్షములు, సేవాసంఘములు పెక్కు కలవు. ఆకలిగొన్నవాని విస్తరిలో అన్నముతోపాటు తమ జెండానో, తమ నామమునో వడ్డింపబోవునపుడు, వా రీ 15 నెలలను ఒక్కమారు తలంచుకొందురు గాక.