మోటారుసైకిలు నెత్తు బల్ల: ఇంటి షెడ్డునకు దానినెట్లు ఎన్నుకొనవలెను?

సాయంకాలము బడి విడుచు వేళ మన పాఠశాల ముంగిట నిలిచి చూచినయెడల, పిల్లలను గొనిపోవుటకై వచ్చిన తల్లిదండ్రుల మోటారుసైకిళ్లు బారులుదీరి కనబడును. ఒకప్పుడు ఊరికొక్కటిగా నుండిన ఈ వాహనము నేడు ఇంటింటికిని వచ్చినది. 1955వ సంవత్సరమున మదరాసులో బులెట్టు బండ్లను కూర్చుట మొదలైన నాటినుండి నేటివఱకు, తమ బండిని తామే బాగుచేసికొను అలవాటును మనవారిలో కొందఱు విడువలేదు. ఇంజనాయిలు మార్చుట, చైను బిగించుట, బ్రేకు షూలు వేయుట మొదలగు పనులు అనేకుల ఇండ్లలోనే జరుగుచుండును. ఇది మెచ్చదగిన అలవాటు. వడ్రంగి యింట పెరిగిన ప్రభువును సేవించువారికి చేతిపని చిన్నది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే ఈ పని యంతయు నేలపై గొంతుకూర్చుండియే జరుగుచున్నది. నా కుడిచేతి చూపుడువ్రేలి గోరు వంకరగా నుండుటను జూచి తరగతిలో పిల్లలు కారణమడుగుచుందురు. పదునెనిమిదేండ్ల ప్రాయమున నేను మా అన్నగారి బండి వెనుక చక్రమును విప్పదలచి, ఇంజను క్రింద నాలుగు ఇటుకలును, వానిపై ఒక కొయ్యముక్కయు బెట్టితిని. ఇరుసు నట్టు బిగిసియుండుటచే స్పానరును శక్తికొలది లాగితిని. నట్టు వదులైనది, దానితోడనే ఇటుకయు జరిగినది. బండి ఒరగి, స్పానరు పట్టిన చేయి సైలెన్సరునకును నేలకును నడుమ చిక్కినది. దేవుని దయవలన వ్రేలు దక్కినది. ఆ దినమున నాకు కావలసియుండినది బండిని కదలకుండ ఎత్తున నిలుపు సాధనమొక్కటియే. అట్టి సాధనమును గుఱించి, దానిని కొనువారు తెలిసికొనవలసిన సంగతులను గుఱించి ఇచట వివరించెదను.

ఈ సాధనమును లిఫ్టుబల్ల యని యనవచ్చును. మన మెకానిక్కులు దీనిని ర్యాంపు అందురు. బండి పట్టునంత పొడవుగల ఇనుప పలక, దానిని మోయు భుజములు, ఆ భుజములను లేపు చమురు జాకీ, లేచిన పలకను పడిపోనీయకుండ పట్టియుంచు ఇనుప లాకు, బండిని ఎక్కించుటకు ఏటవాలు పలక, ముందు చక్రమును బిగించు పట్టు, ఇవి దీని ముఖ్యావయవములు. భుజముల అమరిక రెండు విధములుగ నుండును. కత్తెరవలె ఒకదానినొకటి ఖండించుకొను భుజములుగల బల్ల నిట్టనిలువుగ లేచును. సమాంతర చతుర్భుజపు రీతిగ అమర్చిన భుజములుగల బల్ల లేచునపుడు కొంత ముందునకో వెనుకకో జరుగును. ఈ రెండవదానిని కొనువారు, అది జరుగుటకు వలసిన చోటు తమ షెడ్డులో గలదో లేదో ముందుగనే కొలిచి చూచుకొనవలెను.

మనుష్యుని కాలితో తొక్కినంత మాత్రమున రెండువందల కిలోగ్రాముల బండి ఎట్లు లేచుచున్నది? ఉన్నత తరగతుల విద్యార్థులకు ఇది క్రొత్త విషయము కాదు. మూసిన పాత్రలోని ద్రవముపై కలుగు ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగ వ్యాపించునని పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు 17వ శతాబ్దమున తెలిపెను. ఈ సూత్రము నాధారముగ గొని జోసెఫ్ బ్రామా అను ఆంగ్లేయుడు 1795లో జలయంత్రపు ప్రెస్సునకు పేటెంటు పొందెను. పంపు పిస్టను వైశాల్యము 1 చదరపు సెంటీమీటరును, జాకీ పిస్టను వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లును అయినచో, చిన్నదానిపై 20 కిలోగ్రాముల బలము పెట్టగా పెద్దదానిపై 400 కిలోగ్రాముల బలము కలుగును. కాని ప్రకృతి దేనిని ఉచితముగ ఇయ్యదు. పెద్ద పిస్టను 1 సెంటీమీటరు కదలుటకు చిన్న పిస్టను 20 సెంటీమీటర్లు కదలవలెను. బలమున లభించినది దూరమున చెల్లించుచున్నాము.

దీనిని లెక్కగ చూతము. బండియు బల్లపలకయు కలిసి 250 కిలోగ్రాములనుకొందము. దానిని 60 సెంటీమీటర్లు ఎత్తవలెను. ఒక్కొక్క తొక్కుడునకు కాలు 25 కిలోగ్రాముల బలముతో 10 సెంటీమీటర్లు దిగుననుకొన్నచో, 60 తొక్కుళ్లు కావలెను. రాపిడివలన కలుగు నష్టమును చేర్చినచో ఇంకను ఎక్కువ యగును. కావున పది తొక్కుళ్లతో బండిని నడుమెత్తునకు లేపుదునని చెప్పు అంగడివాని మాటను నమ్ముటకు ముందు ఈ లెక్కను జ్ఞాపకము చేసికొనవలెను.

ఇక ఎన్నుకొను విధమును క్రమముగ చెప్పెదను.

మొదటిది భారము. స్ప్లెండరు వంటి చిన్న బండి ఇంచుమించు 112 కిలోగ్రాములు తూగును. రాయల్ ఎన్‌ఫీల్డు వారి క్లాసిక్ 350 బండి 195 కిలోగ్రాములు తూగును, 650 సి.సి. బండ్లు 200 కిలోగ్రాములను దాటును. బల్లపై వ్రాసిన మోతసంఖ్య బండి బరువునకు రెండు రెట్లకు తక్కువ కాకుండుట మేలు. ఏలయన బండి ఎల్లప్పుడు బల్ల నడుమనే నిలువదు. బిగిసిన నట్టును లాగునపుడు ఒక ప్రక్కకు అదనపు బలము కలుగును. మఱియు కత్తెర బల్లలో ఒక విశేషము గలదు. భుజములు నేలతో 10 డిగ్రీల కోణము చేయుచున్నపుడు వాని పాదమును అడ్డముగ నెట్టుటకు వలయు బలము భారమునకు 5 రెట్లకు మించును; 45 డిగ్రీలకు వచ్చునప్పటికి అది భారముతో సమానమగును. అనగా లేచుటకు మొదలిడునపుడే యంత్రమునకు హెచ్చు శ్రమ. నాసిరకపు బల్ల మొదటి జానెడు ఎత్తులోనే మూలుగుటకు కారణమిదియే. కొనునపుడు ఖాళీ బల్లను ఎత్తి చూపినంత మాత్రమున తృప్తిపడక, బండి నెక్కించి అడుగునుండి ఎత్తించి చూడవలెను.

రెండవది కొలత. క్లాసిక్ 350 పొడవు ఇంచుమించు 215 సెంటీమీటర్లు. దాని రెండు ఇరుసుల నడుమ దూరము 139 సెంటీమీటర్లు. స్ప్లెండరునకు ఈ కొలతలు 200, 124 సెంటీమీటర్లు. చక్రములు రెండును పలకపై పూర్తిగ నిలిచి, ముందు పట్టునకును చోటు మిగులవలెనన్న సుమారు 2 మీటర్లకు పైబడిన పలక యుక్తము. వెనుక చక్రమును క్రిందికి దింపి తీయుటకు వీలుగ, ఆ భాగమున పలకలో తీసి పెట్టదగిన ముక్క యుండినచో బహు సౌకర్యము. అయితే మంచమున్నంతవఱకే కాళ్లు చాచవలెనని పెద్దలందురు. పలక 220, ఏటవాలు పలక 90 సెంటీమీటర్లు అనుకొన్నచో, 12 అడుగుల షెడ్డులో మిగులునది రెండడుగులకు లోపు. కావున బల్ల తలుపునకు ఎదురుగ నుండి, బండి వీధినుండి తిన్నగ ఎక్కునట్లుండవలెను. ఇరుప్రక్కల మనిషి కూర్చుండి పని చేయుటకు ఒక్కొక్క వైపున రెండున్నర అడుగులైనను విడువవలెను.

మూడవది ఎత్తు. దిగినపుడు బల్ల ఎంత తగ్గుగ నున్న అంత మంచిది. 18 సెంటీమీటర్ల ఎత్తునకు 90 సెంటీమీటర్ల ఏటవాలు పలక యున్నచో, వాలు 5కు 1 అగును. పలక బండికంటె పొట్టిది గనుక ఒకమాటు ఒక చక్రమే వాలుపై నుండును. అందుచే క్లాసిక్ బండిని ఎక్కించుటకు ఇంచుమించు 20 కిలోగ్రాముల తోపుడు చాలును. లేచిన ఎత్తును పని చేయువాని మోచేతినిబట్టి నిర్ణయింపవలెను. అయిదున్నర అడుగుల మనిషి మోచేయి నేలకు సుమారు 105 సెంటీమీటర్ల ఎత్తున నుండును. ఇంజను నడిమిభాగము చక్రముల అడుగునుండి 35 సెంటీమీటర్లు ఉన్నదనుకొన్నచో, బల్ల 70 సెంటీమీటర్లు లేచిన చాలును. అద్దములతో గూడిన బండి పైభాగము రేకుల కప్పునకో దూలమునకో తగులకుండునట్లు చూచుకొనవలెను.

నాలుగవది లేపు శక్తి. కాలిపంపు బల్లకు కరెంటుతో పనిలేదు. చెడుటకు భాగములును తక్కువ. గాలితో నడుచుదానికి కంప్రెసరు కావలెను. కంప్రెసరు తొట్టిలో చేరు నీటిని తఱచుగ విడువవలెను. విద్యుత్తు మోటారుగలది సుఖమైనది. ఇంటి సింగిల్ ఫేజు కరెంటుతో నడుచునో లేదో, ఎర్తు తీగె సరిగ నున్నదో లేదో విచారింపవలెను. కరెంటు పోయినపుడు చేతితో దింపు మర ఉండుట అవశ్యము. వారమునకో నెలకో ఒకసారి పని చేసికొనువానికి కాలిపంపే చాలునని నా అభిప్రాయము.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము: లాకు. చమురు ఎంత బలముగ నెత్తినను, ఒక ఆయిలు సీలు అరిగినచో, ఒక గొట్టము పగిలినచో, బల్ల దిగిపోవును. కావున చమురు ఎత్తుటకే గాని మోయుటకు కాదని తెలిసికొనవలెను. బల్ల కావలసిన ఎత్తునకు చేరినపిమ్మట ఇనుప కడ్డీని గంటులో నిలిపి, జాకీని కొంచెము వదలి, భారమంతయు ఆ ఇనుముపై వ్రాలునట్లు చేయవలెను. పెక్కు ఎత్తులలో నిలుచు గంటులుగల లాకు శ్రేష్ఠము. లాకు లేని బల్లను ఉచితముగ ఇచ్చినను ఇంటికి తేరాదు. పట్టణములలోని వెల్డింగు షాపులలో చౌకగ చేయించుకొనువారు ఈ ఒక్క విషయమున లోభము చూపరాదు.

బల్ల ఎంత మంచిదైనను వాడుక తెలియనిచో ప్రమాదమే. గచ్చు సమతలముగను గట్టిగను ఉండవలెను. మట్టినేలపై బల్లను నిలుపరాదు. బిగిసిన పెద్ద నట్టులను బండి నేలపై నున్నపుడే కొంచెము వదులుచేసి యుంచవలెను. బండిని ఇంజనుతో నడిపి ఎక్కింపక, ఇద్దఱు మనుష్యులు తోసి ఎక్కింపవలెను. ముందు చక్రము పట్టులో బిగిసినపిదప, ఇరుప్రక్కల బెల్టులతో బండిని పలకకు కట్టవలెను. ప్రక్క స్టాండును నమ్మి ఎన్నడును ఎత్తరాదు. వెనుక చక్రమును తీసినపుడు బరువు ముందునకు మాఱును గనుక, ముందుగనే ఫ్రేము క్రింద చిన్న జాకీ నిలుపవలెను. కత్తెర బల్ల లేచినకొలది దాని పాదములు దగ్గఱకు వచ్చి, నిలుకడ తగ్గునను మాట మఱవరాదు. దింపునపుడు బల్ల క్రింద పిల్లవాడో, పిల్లియో, మన పాదమో లేదని కన్నులార చూచి దింపవలెను. నలిగిపోవు గాయములకు అవకాశమెక్కువగ నుండునది ఈ దింపు వేళలోనే.

ఇంతయు చదివి, ప్రతి గృహస్థుడును లిఫ్టుబల్ల కొనవలెనని నేను చెప్పుచున్నానని తలంపకుడు. ఏడాదికి రెండుమార్లు ఆయిలు మార్చువానికి బండికిగల నడిమి స్టాండు చాలును. చక్రములు తీయువానికి ప్యాడాక్ స్టాండు చాలును. నడుము నొప్పి మాత్రమే బాధయైనచో, మోకాలెత్తున గట్టి ఇనుప చట్టమును, దానికి పొడవైన ఏటవాలు పలకను చేయించుకొని, చక్రమునకు పట్టును, కట్టుటకు కొక్కెములను అమర్చుకొనవచ్చును. దానిలో కదలు భాగములు లేవు గనుక కూలు భయము తక్కువ. ఇంటిలో రెండు మూడు బండ్లుండి, ఇంజను విప్పు పనులు చేయువారికిని, ఈ పనినే జీవనోపాధిగ గొనదలచిన యువకులకును లిఫ్టుబల్ల ధనము వెచ్చింపదగిన వస్తువు. ఇరుగుపొరుగు నలుగురు కలిసి ఒకటి కొని పంచుకొన్నను తప్పులేదు. గోపురము కట్టదలచినవాని ఉపమానమును ఎఱిగిన మనము, కొనుటకు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెను గదా.

విద్యార్థులారా, మీ నాయనగారో అన్నగారో నేలపై కూర్చుండి బండి విప్పుచున్నపుడు దగ్గఱ నిలిచి, దాని క్రింద ఏమి పెట్టియున్నారో ఒక్కసారి చూడుడు. అది ఇటుక యైనచో, పని ఆపుమని వినయముగ చెప్పుడు. నా వ్రేలి కథను గూడ చెప్పుడు. చెడిన బండి భాగము అంగడిలో దొరకును, చేయి దొరకదు.