చిత్రతురగన్యాయం – తెరపై రామదర్శనం

నటుని చూచి ‘ఇతడు రాముడు’ అని ప్రేక్షకుడు గ్రహించినప్పుడు అతనికి కలిగే జ్ఞానం ఎట్టిది? భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన శ్రీశంకుకుడు దీనికి సమాధానంగా చిత్రతురగన్యాయాన్ని చూపినాడు. అభినవభారతి, కావ్యప్రకాశం ఆయన మతాన్ని మనకు అందించినవి. చిత్రించిన గుర్రాన్ని చూచినవాడు ‘గుర్రం’ అనే అంటాడు. ఆ ప్రతీతి యథార్థజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యబుద్ధి కూడ కాదు. ఈ నాలుగింటికంటె విలక్షణమైనది. నటునియందలి రామబుద్ధియు అట్టిదే.

రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987-88 సంవత్సరాలలో దూరదర్శన్‌లో ప్రసారమైనప్పుడు పలుచోట్ల ప్రేక్షకులు టెలివిజన్ పెట్టెకు పూలమాలలు వేసి మ్రొక్కినారు. ఇది భ్రాంతియే అయినచో బాధకజ్ఞానం కలుగగానే తొలగవలెను. తెరపై ఉన్నవాడు అరుణ్ గోవిల్ అనే నటుడని ఎరిగియు వారు చేతులు జోడించినారు. కనుక శంకుకుని మాట ఇచట చక్కగా అన్వయిస్తుంది.

భద్రాచల సీతారామకల్యాణ ప్రసారంలో సమస్య మరొక విధంగా ఉన్నది. కరోనా కారణంగా 2020 ఏప్రిల్ 2న భక్తులు లేకుండ ఆలయంలోనే కల్యాణం జరిగినది. ఏటా ఖమ్మం మన్యపు దారుల వెంట గోదావరి తీరానికి చేరే జనులు ఆ ఏడు ఇండ్లలోనే దానిని తిలకించినారు. ఇందు కానవచ్చినది అనుకర్త కాదు, అర్చామూర్తి. చిత్రతురగానికి ఎదుట గుర్రం ఉండనక్కరలేదు. ఈ తెరబింబానికి మాత్రం ఎదుట మూర్తి ఉండి తీరవలెను. ఈ అంశంలో ఇది దర్పణంలోని ప్రతిబింబానికి సన్నిహితం. అయితే ఆలయంలో భక్తుడు తన దృష్టిని తానే నిలుపుకొంటాడు. తెరపై ఏది, ఎంతసేపు చూడవలెనో కెమెరా నిర్ణయిస్తుంది.

బింబం ప్రత్యక్షమైనను అర్థం ప్రేక్షకుని సంస్కారాన్ని అనుసరించియే స్ఫురిస్తుంది. విష్ణుమూర్తికి సాధారణంగా కుడిచేత చక్రం, ఎడమచేత శంఖం ఉంటవి. భద్రాద్రిరాముడు కుడిచేత శంఖం, ఎడమచేత చక్రం ధరించినాడు. భద్రమహర్షిని అనుగ్రహించు త్వరలో స్వామి అట్లు వచ్చెనని స్థలపురాణం. ఈ కథ ఎరుగనివాడు ఛాయాచిత్రం తిరగబడి అచ్చయినదని తలచి, దానిని ‘సరిదిద్ద’ వచ్చును. కాని అప్పుడు స్వామి వామాంకంపై కూర్చున్న సీతమ్మ కుడితొడకు మారుతుంది! దోషం చిత్రంలో లేదని ఆ చిత్రమే సాక్ష్యమిస్తున్నది. ఆ సాక్ష్యాన్ని గుర్తించుటకు మాత్రం మూర్తిలక్షణపరిచయం కావలెను.

ఆలంకారికులు సహృదయునికి విధించిన వాసన, అభ్యాసం నేటి తెరప్రేక్షకునికి కూడ ఆవశ్యకాలు. శిల్పలక్షణాన్ని, స్థలపురాణాన్ని బోధించే ప్రాచ్యవిద్యకు ఈ కాలంలోనూ ప్రయోజనమున్నదనుటకు ఇది ఒక నిదర్శనం.